కర్నూలు నుంచి కడపకు పడవ ప్రయాణం: కె.సి. కాలువ జలమార్గంగా ఎందుకు నిలవలేదు?

కర్నూలు ఒకప్పుడు ఓడరేవు అనీ, ఇక్కడి నుంచి కడప దాకా కె.సి. (కర్నూలు-కడప) కాలువలో పడవలు తిరిగేవనీ, ఆ కాలువను డచ్చివాళ్లు తవ్వారనీ, రైలు రావడంతో ఆ పడవలు మూలపడ్డాయనీ ఒక కథనం వాట్సాప్‌లో తరచూ తిరుగుతుంటుంది. 2016 నాటి జాతీయ జలమార్గాల చట్టంలో తుంగభద్ర నది 104వ జలమార్గంగా చేరినప్పటి నుంచి దీనికి మరో ముక్క తోడైంది: పాత రోజులు మళ్లీ రాబోతున్నాయని. ఈ కథనంలో నాలుగు మాటలుంటే ఒకటి నిజం, ఒకటి సగం నిజం, మిగిలిన రెండు పొరపాటు. ఏది ఏదో తేల్చాలంటే ముందు కొన్ని పదాల అర్థాలు, ఆ తర్వాత నేల వాలు, నీటి లెక్క చూడాలి.

రేవు అంటే ఏది, ఓడరేవు అంటే ఏది

తెలుగులో రేవు అన్న మాటకు విస్తారమైన అర్థం ఉంది. బట్టలు ఉతికే చోటు రేవే, పశువులు నీళ్లు తాగడానికి దిగే చోటు రేవే, పుట్టి ఎక్కే చోటూ రేవే. ఈ అర్థంలో కర్నూలు ఎప్పటి నుంచో రేవున్న ఊరే. అలంపురం ఆలయాలకు రాళ్లు తోలిన బండ్లు తుంగభద్ర దాటబోయే ముందు ఇక్కడ ఆగి ఇరుసులకు కందెన పెట్టుకునేవనీ, అందుకే ఊరికి కందెనవోలు అన్న పేరు వచ్చిందనీ స్థానికంగా చెప్పుకుంటారు. ఆ కథ చరిత్రా, ఐతిహ్యమా అన్నది పక్కన పెట్టినా ఊరి స్వభావాన్ని మాత్రం సరిగ్గా పట్టుకుంది. అది నదిని అడ్డంగా దాటే చోటు. నది వెంట పొడవునా సరుకు సాగించే చోటు కాదు. వెదురు బద్దలతో గుండ్రంగా అల్లి, పైన తోలు బిగించిన పుట్టి ఒక ఒడ్డు నుంచి మరో ఒడ్డుకు చేర్చడానికి పనికొస్తుంది గానీ బరువు వేసుకుని వందల కిలోమీటర్లు పోవడానికి పనికిరాదు.

ఓడరేవు వేరు. అక్కడికి సముద్రం నుంచో, సముద్రాన్ని చేరే జలమార్గం నుంచో సరుకు రావాలి, దించి దాచే గోదాములుండాలి, అక్కడి నుంచి లోపలి ప్రాంతాలకు దారులుండాలి. కర్నూలుకు ఇవి ఎన్నడూ లేవు. ఉన్నది 19వ శతాబ్దపు రెండో సగంలో తవ్విన, పడవలు నడవడానికి కూడా వీలుగా కట్టిన ఒక సాగునీటి కాలువ. పడవలు తిరిగాయన్నది నిజం. ఓడరేవు అన్నది పొరపాటు.

కాలువ కట్టింది డచ్చివారు కాదు

డచ్చివారి మాట ఇంటర్నెట్టులోనే కాదు, కొన్ని అచ్చు వ్యాసాల్లోనూ కనబడుతుంది. తారీఖులు పక్కపక్కన పెడితే అది నిలవదు. డచ్చి వ్యాపారుల స్థావరాలు మచిలీపట్నం, పులికాట్, భీమునిపట్నం వంటి తీర పట్టణాల్లో ఉండేవి. ఇంగ్లీషువారితో 1824లో కుదిరిన ఒప్పందం తర్వాత వారు ఇక్కడి స్థావరాలను అప్పగించి వెళ్లిపోయారు. కాలువ పని మొదలైంది 1860ల్లో. అప్పటికి కర్నూలు నవాబు పాలన పోయి, 1839లో ఊరు ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చి, రెండు దశాబ్దాలు గడిచాయి.

కట్టినది మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ. 1850ల చివర్లో లండన్‌లో ఏర్పడిన ప్రైవేటు సంస్థ ఇది. దాని వెనుక ఉన్న ఆలోచన ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన సర్ ఆర్థర్ కాటన్‌ది. బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు ప్రాంతాలను కలుపుతూ తుంగభద్ర నీటిని పెన్నకు, అక్కడి నుంచి తూర్పు తీరానికి చేర్చి, పొలాలకు నీరు, సరుకుకు దారి రెండూ ఒకే తవ్వకంతో సాధించాలన్నది ఆయన పథకం. అందులో చివరికి పూర్తయినది ఒక్క ముక్కే. కర్నూలుకు ఎగువన సుమారు 27 కిలోమీటర్ల దూరంలో ఉన్న సుంకేసుల ఆనకట్ట దగ్గర మొదలై కడప దాకా సాగే 190 మైళ్ల, అంటే దాదాపు 306 కిలోమీటర్ల కాలువ అది.

డబ్బు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే తర్వాతి తగవంతా అక్కడే ఉంది. పెట్టుబడిదారులకు ప్రభుత్వం 10 లక్షల పౌండ్ల మీద ఏడాదికి 5 శాతం వడ్డీకి పూచీ ఇచ్చింది. కాలువలో పడవ నడిచినా నడవకపోయినా, రైతు నీళ్లు తీసుకున్నా తీసుకోకపోయినా, ఏటా 50 వేల పౌండ్లు లండన్‌లోని వాటాదారులకు ముట్టాల్సిందే. అనుకున్న ఖర్చుకు పని పూర్తి కాలేదు. చివరికి 1882లో ప్రభుత్వమే కాలువను కొనేసింది.

లాకు పనిచేసే తీరు

గోదావరి జిల్లాల వారికి లాకు గురించి చెప్పనక్కరలేదు. రాయలసీమ వారికి చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ లాకుల అవశేషాలు చూసినా అవేమిటో తెలియని వారే ఎక్కువ.

కాలువ ఎగువ నుంచి దిగువకు దిగేటప్పుడు వాలు ఎక్కువైతే నీరు ఉరకలెత్తి గట్లను కోసేస్తుంది. అందుకని కాలువను దాదాపు సమతలంగా కొంత దూరం పోనిచ్చి, ఒకచోట మెట్టులా కిందికి దించుతారు. నీరు మెట్టు దూకగలదు, పడవ దూకలేదు. అక్కడ రెండు రాతిగోడల మధ్య ఒక తొట్టి కట్టి, రెండు కొసలా జంట తలుపులు పెడతారు. పై నుంచి వచ్చిన పడవ తొట్టిలోకి చేరాక ఎగువ తలుపులు మూసి, దిగువ తలుపుల్లోని చిన్న తూములు ఎత్తుతారు. తొట్టిలోని నీరు మెల్లగా దిగుతుంది, దానితోపాటు పడవా దిగుతుంది. నీటిమట్టం దిగువ కాలువతో సమానమైనప్పుడు తలుపులు తెరుచుకుంటాయి. ఎగువకు పోవాలంటే ఇదే పని తిరగేసి చేస్తారు.

పాత లాకు గోడను దగ్గరగా చూస్తే తలుపు ఇరుసు తిరిగిన చోట రాయిలో నిలువునా అరవృత్తపు గాడి ఉంటుంది. కొయ్య తలుపులు ఎప్పుడో పుచ్చిపోయినా ఆ గాడి మిగులుతుంది. చాలామంది దాన్ని షట్టరు దిగే గాడి అనుకుంటారు. షట్టరు గాడి నలుచదరంగా ఉంటుంది, ఇది చేత్తో తడిమితే నున్నగా గుండ్రంగా తగులుతుంది. కట్టడం సాగునీటిదా, పడవలదా అని తేల్చుకోవడానికి ఇంతకన్నా తేలికైన గుర్తు లేదు.

ఒక పడవ, నలభై బండ్లు: ఊహా లెక్క

కాటన్ వాదంలోని బలం, ఈ కాలువలోని బలహీనత రెండూ తెలియాలంటే ఒక లెక్క వేసుకుందాం. ఇందులో దూరాలు, ఎత్తులు ఉజ్జాయింపుగా నిజమైనవి, తక్కిన అంకెలు కేవలం అర్థం కావడానికి తీసుకున్నవి.

కర్నూలు సముద్రమట్టానికి సుమారు 280 మీటర్ల ఎత్తున ఉంది, కడప సుమారు 140 మీటర్ల ఎత్తున. అంటే పడవ 140 మీటర్లు కిందికి దిగాలి. కర్నూలు నుంచి కాలువ వెంట దూరం 280 కిలోమీటర్లు. కాలువకు పది కిలోమీటర్లకు ఒక మీటరు చొప్పున సన్నని వాలు ఇచ్చారనుకుంటే అందులో 28 మీటర్లు పోతుంది, మిగిలిన 112 మీటర్లను లాకులే దించాలి. ఒక్కో లాకు 3 మీటర్లు దించితే దాదాపు 37 లాకులు కావాలి. ఒక్కో దాని దగ్గర 20 నిమిషాలు పడితే లాకుల్లోనే 12 గంటలకు పైగా గడిచిపోతుంది. గట్టు మీద మనుషులు తాడు పట్టి గంటకు 3 కిలోమీటర్ల చొప్పున లాగితే 280 కిలోమీటర్లకు 93 గంటలు. రోజుకు పది గంటలు నడిచినా మొత్తం ప్రయాణం పది పదకొండు రోజులు.

అదే కర్నూలు నుంచి కడపకు రోడ్డు మీద దూరం సుమారు 200 కిలోమీటర్లు. ఎద్దులబండి రోజుకు 20 కిలోమీటర్లు పోయినా పది రోజుల్లో చేరుతుంది. కనుక పడవ బండి కన్నా వేగమైనది కాదు. దాని గొప్ప బరువులో ఉంది. బండికి అర టన్ను, పడవకు 20 టన్నులు అనుకుంటే ఒక పడవ 40 బండ్ల సరుకు మోస్తుంది. అటు 80 ఎద్దులకు మేత, 40 మంది బండివాళ్లకు బత్తెం, ఇటు నలుగురైదుగురు పడవవాళ్లు. పత్తి, జొన్న, రాయి వంటి బరువైన, తొందర లేని సరుకుకు నీటిదారి చవక అని కాటన్ అన్నది ఈ లెక్క చూసే. అందులో తప్పు లేదు.

పొలం అడిగే నీరు, పడవ అడిగే నీరు

చిక్కు ఎక్కడంటే, ఒకే కాలువను రెండు పనులకు వాడినప్పుడు ఆ రెండు పనులూ నీటిని రెండు రకాలుగా అడుగుతాయి. పొలానికి కావలసింది పారే నీరు. పడవకు కావలసింది నిలిచిన నీరు, అదీ ఏడాది పొడవునా ఒకే లోతున. కాలువ జోరుగా పారితే ఎగువకు పోయే పడవను లాగలేరు. దారిలో తూములన్నీ తెరిచి ఆయకట్టుకు నీళ్లిస్తే దిగువన లోతు తగ్గి పడవ బురదలో కూర్చుంటుంది. లాకు ఒక్కసారి తెరవడానికి పట్టే నీరు మాత్రం పెద్ద సమస్య కాదు. 36 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల దింపు ఉన్న తొట్టికి 648 ఘనపు మీటర్లు చాలు, అంటే ఎకరం పొలంలో 16 సెంటీమీటర్ల ఎత్తు నీరు. పైగా ఆ నీరు ఎక్కడికీ పోదు, దిగువ కాలువలోకే చేరుతుంది. అసలు కష్టం 300 కిలోమీటర్ల పొడవునా లోతును నిలబెట్టడంలో ఉంది.

దానికి తుంగభద్ర సహకరించలేదు. హోస్పేట దగ్గర డ్యాము లేని రోజులవి. నైరుతి రుతుపవనాలతో పొంగే నది, చలికాలం దాటాక ఇసుక తేలి సన్నబడుతుంది. మన నల్లరేగడిలో హింగారి (రబీ) పంటలు విత్తేది సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో. జొన్నలు కళ్లానికి, పత్తి మూటలకు వచ్చేది మాఘ ఫాల్గుణాల్లో. సరుకు చేతికొచ్చే వేళకు కాలువలో నీరు తగ్గిపోతుంది, నీరు నిండుగా ఉన్న శ్రావణ భాద్రపదాల్లో పంపడానికి సరుకు ఉండదు. ఈ కాలువ కథలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ఇదే. పాత చర్చల్లో మాత్రం దీనికి దక్కవలసిన చోటు దక్కలేదు.

సాగు వైపు కూడా లెక్క తప్పింది. నంద్యాల వైపు కుందూ నది లోయలోని రేగడి నేల ఒక మంచి వాన పడితే తేమను నెలల తరబడి పట్టి ఉంచుతుంది. అందులో జొన్నా పత్తీ పండించుకునే రైతుకు, ఏటా నీటితీరువా కట్టి, మడులు కట్టి, వరి పెట్టవలసిన అవసరం కనబడలేదు. గోదావరి డెల్టాలో రైతు నీటికోసం ఎగబడ్డాడు గనుక ఇక్కడా అలాగే జరుగుతుందని కంపెనీ అనుకుంది. డెల్టాలో నేల సమతలం, జనం ఎక్కువ, వరి అలవాటైన పంట, కాలువల చివర కాకినాడ రేవు ఉంది. ఇక్కడ వీటిలో ఏదీ లేదు. 1876-78 నాటి ధాత కరువులో నీటికి గిరాకీ ఒక్కసారిగా పెరిగి, వానలు పడగానే మళ్లీ తగ్గిందంటే కారణం అదే. ఇప్పుడు ఇదే కాలువ కింద 2.65 లక్షల ఎకరాల ఆయకట్టు ఉందనీ, నీరు చాలక రైతులు రోడ్డెక్కుతున్నారనీ ఆ కంపెనీ వాటాదారులకు చెబితే నమ్మేవారు కారేమో.

హంద్రి మీద, మిట్టకందాల లోపల

ఇంజనీరింగు పరంగా మాత్రం దీన్ని తేలిగ్గా తీసిపారేయలేం. సుంకేసుల నుంచి వచ్చిన కాలువ కర్నూలులో హంద్రిని దాటాలి. నదిలో కలిపితే నీరు తుంగభద్రలోకే తిరిగి పోతుంది, కనుక హంద్రి మీద వంతెన కట్టి కాలువను దాని మీదుగా తీసుకెళ్లారు. కింద ఒక నది, పైన ఒక కాలువ. రోజూ ఆ పక్కగా పోయే వారికి అది మామూలు దృశ్యమైపోయింది.

అంతకన్నా కఠినమైనది మిట్టకందాల. తుంగభద్ర, హంద్రి కృష్ణలో కలిసే నీళ్లు. కుందూ పెన్నలో కలిసే నీరు. రెంటి మధ్య ఒక మిట్ట అడ్డుంటుంది. పాములపాడు దగ్గరి మిట్టకందాల వద్ద ఆ మిట్టను లోతుగా కోసి కృష్ణా పరీవాహకపు నీటిని పెన్నా పరీవాహకంలోకి దించారు. నదుల అనుసంధానం అని ఇప్పుడు పెద్ద మాటగా చెప్పుకునే పని ఇక్కడ 19వ శతాబ్దంలోనే, పలుగూ పారా పట్టిన మనుషులతో జరిగింది. అక్కడి నుంచి కాలువ నంద్యాల మీదుగా కుందూ లోయలో దిగి, రాజోలి ఆనకట్ట, మైదుకూరు ప్రాంతం, పెన్న మీది ఆదినిమ్మాయపల్లి ఆనకట్ట దాటి కడప చేరుతుంది.

పడవను రైలు ఓడించిందా?

సగం నిజం అన్నది ఇదే. మద్రాసు నుంచి బయలుదేరిన మద్రాస్ రైల్వే వారి వాయవ్య మార్గం రేణిగుంట, కడప, తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు, ఆదోని మీదుగా రాయచూరు చేరి, 1871లో బొంబాయి నుంచి వచ్చిన రైలుమార్గంతో కలిసింది. కాలువ పూర్తయింది కూడా దాదాపు ఆ రోజుల్లోనే. కడపలో పడవ దిగిన సరుకుకు ముందున్న దారి ఇక రైలే, ఎందుకంటే కడప నుంచి పెన్న వెంట నెల్లూరుకు, అక్కడి తీర కాలువకు పోవలసిన రెండో భాగం తవ్వనే లేదు. రెండు కొసలా ఎక్కడికీ చేరని జలమార్గం ఇది. పై కొసన బళ్లారి అందలేదు, కింది కొసన సముద్రం అందలేదు. కర్నూలు వ్యాపారి తన పత్తిని పది రోజులు పడవలో కడపకు పంపి అక్కడ రైలెక్కించే బదులు, బండ్ల మీద నాలుగైదు రోజుల్లో గుత్తికి తోలి నేరుగా రైలెక్కించగలడు.

కాటన్ పక్షం వాదన ఇంకోలా ఉంటుంది. సగం కట్టి ఆపేసిన దాన్ని చూపించి పథకమే తప్పనడం న్యాయం కాదని, గోదావరి డెల్టా పడవలు రైలు వచ్చాక కూడా దశాబ్దాల పాటు నడిచాయని వారంటారు. ప్రభుత్వం రైల్వే కంపెనీల వాటాదారులకు కూడా ఇలాంటి వడ్డీ పూచీలే ఇచ్చి, అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ డబ్బు అటు పోసిందన్నది కూడా వాస్తవమే. ఈ తగవు 1878లో బ్రిటిష్ పార్లమెంటు సంఘం ముందుకు వెళ్లింది. కాటన్ దేశమంతా నౌకాయాన కాలువలు తవ్వాలని వాదించారు. కర్నూలు కాలువనూ, ఒరిస్సాలో ఇలాగే చతికిలబడిన మరో ప్రైవేటు కంపెనీ పథకాన్నీ ఎదుటివారు ఆయనకు చూపారు. సంఘం ఆయన పక్షాన నిలవలేదు. 1880 నాటి కరువు కమిషన్ కరువు సీమలకు వెంటనే రైళ్లు వేయాలని చెప్పడంతో సర్కారు మొగ్గు ఎటో తేలిపోయింది.

కరువు విషయంలో రైలు వాదానికి నిజంగానే బలముంది. ధాత కరువులో మద్రాసు రేవులో దిగిన ధాన్యం గుత్తి దాకా రైల్లో వచ్చింది గానీ అక్కడి నుంచి కర్నూలు లోపలి ఊళ్లకు చేరాలంటే మేతలేక చస్తున్న ఎద్దులే గతి. నీళ్లు తగ్గిన కాలువ కరువు ఏడాదిలోనే చేతులెత్తేస్తుంది. రైలుకు ఆ బెడద లేదు. ఆ తర్వాత సదరన్ మరాఠా రైల్వే గుంతకల్లు, డోన్, నంద్యాల మీదుగా బెజవాడ వైపు మీటర్ గేజి లైను వేసింది. నల్లమలను దాటడానికి బొగద దగ్గర సొరంగం తవ్వింది, దొరబావి లోయ మీద ఎత్తైన వంతెన నిలబెట్టింది. బ్రాడ్ గేజి మార్పులో దారి వేరైపోయినా ఆ వంతెన స్తంభాలు అడవిలో ఇప్పటికీ కనిపిస్తాయి. కర్నూలు సీమ సరుకుకు సముద్రం వైపు దారి చూపినది ఈ లైనే. కాలువ ఉత్తరం నుంచి దక్షిణానికి పోతే, రైలు పడమర నుంచి తూర్పుకు పోయింది.

కాబట్టి పడవల సరుకును రైలు లాక్కుంది అనడం కన్నా, పడవలకు తగినంత సరుకు ఎన్నడూ చేరలేదు అనడమే సరైనది. అయినా 1930ల తొలినాళ్ల దాకా కాలువ కొన్ని భాగాల్లో పడవలు తిరుగుతూనే ఉన్నాయి. ఆ తర్వాత నౌకాయానం మానేసి కాలువను పూర్తిగా సాగుకే వదిలారు.

జాతీయ జలమార్గం అంటే ఇప్పుడు పడవలొస్తాయనా?

2016 చట్టం దేశంలో 111 జలమార్గాలను జాబితాలో చేర్చింది. తుంగభద్రలో 232 కిలోమీటర్లు అందులో ఒకటి. జాబితాలో చేరడమంటే ఆ మార్గాన్ని నౌకాయానం కోసం అభివృద్ధి చేసే, నియంత్రించే అధికారం కేంద్రానికి, దాని తరఫున 1986లో ఏర్పడిన భారత అంతర్గత జలమార్గాల ప్రాధికార సంస్థకు వస్తుందని అర్థం. సరుకు పడవలు నడుస్తాయని కాదు. నడవాలంటే ఏడాదిలో తగినన్ని రోజులు కనీస లోతు ఉండాలి, దారిలోని ఆనకట్టల దగ్గర పడవ దాటే ఏర్పాటుండాలి, రెండు కొసలా సరుకుండాలి. చట్టం పేర్కొన్నది నదిని, కె.సి. కాలువను కాదు. ఈ రెంటినీ కలిపేయడం వల్లనే సగం అయోమయం.

కాలువ సంగతికి వస్తే, దానికి కేటాయించిన 39.9 టీఎంసీల నీటిలో 10 టీఎంసీలు తుంగభద్ర డ్యాము నుంచి రావాలి, మిగిలినది నదిలో పారే నీటి నుంచి తీసుకోవాలి. పాత ఆనకట్ట స్థానంలో కట్టిన సుంకేసుల బ్యారేజీలో నిలిచేది 1.2 టీఎంసీలే. ఉన్న నీటికి ఆయకట్టు రైతులే పోటీపడుతున్నప్పుడు, పడవ కోసం నీటిని కదలకుండా నిలబెట్టమని అడిగే ధైర్యం ఏ ప్రభుత్వమూ చేయదు. శ్రీశైలం వెనుక జలాల్లో సంగమేశ్వరం, సిద్ధేశ్వరం వైపు తిరిగే మరబోట్లు వేరే కథ. అవి మళ్లీ పాత పుట్టిలాగే ఒక ఒడ్డు నుంచి మరో ఒడ్డుకు మనుషులను దాటించేవి.

ఇంకో చిన్న విషయం. నంద్యాల నుంచి కుందూ లోయ వెంట దక్షిణానికి దిగి, బనగానపల్లె, కోవెలకుంట్ల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు మీదుగా ఎర్రగుంట్ల చేరే రైలుమార్గం ప్రారంభమైనది 2016లో. కె.సి. కాలువ సాగిన దిశలోనే సాగే మొదటి రైలు అది. పడవలను ఓడించిందని అందరూ చెప్పుకునే రైలు ఆ లోయలోకి రావడానికి, కాలువ తవ్విన తర్వాత దాదాపు 145 ఏళ్లు పట్టింది.